ఐరిష్ అమ్మల జాడ: మైటోకాండ్రియా ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఐస్‌లాండ్‌లో 13వ శతాబ్దంలో రాసిన ఒక గాథలో మెల్‌కోర్కా అనే బానిస స్త్రీ కనిపిస్తుంది. హోస్కుల్ద్ అనే ఆసామి ఆమెను సంతలో మూడు మార్కుల వెండికి కొంటాడు. ఆమె మూగదని అమ్మినవాడు ముందే చెబుతాడు. ఆమె కూడా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడదు. కొడుకు పుడతాడు, ఓలాఫ్ అని పేరు పెడతారు. పిల్లవాడికి రెండేళ్లు వచ్చాక ఒకరోజు పొద్దున్నే హోస్కుల్ద్ బయటికి వెళ్తే వాగు దగ్గర ఎవరివో మాటలు వినిపిస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే తల్లీ కొడుకూ కబుర్లు చెప్పుకుంటున్నారు. అప్పుడు ఆమె నోరు విప్పి తన సంగతి చెబుతుంది. తాను ఐర్లాండ్‌లో మిర్క్యార్తన్ అనే రాజు కూతురు. పదిహేనేళ్ల వయసులో పట్టుకుపోయారు.

ఈ కథను చరిత్రగా తీసుకోనక్కర్లేదు. కానీ దాని వెనక ఉన్న పరిస్థితి నిజమేనని 2000, 2001లో వచ్చిన జన్యు పరిశోధనలు చూపించాయి. ఐస్‌లాండ్ వాళ్ల తండ్రి వంశాల్లో 75 నుంచి 80 శాతం దాకా నార్వే వైపు నుంచి వచ్చినవి. తల్లి వంశాల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. దాదాపు 62 శాతం ఐర్లాండ్, స్కాట్లాండ్ వైపువే. వైకింగుల పడవల్లో వెళ్లిన ఆ ఆడవాళ్లలో భార్యలెందరో, బానిసలెందరో డీఎన్‌ఏ చెప్పదు. వెళ్లారని మాత్రం గట్టిగా చెబుతుంది. ఎక్కడా పేరు రాయని వేలమంది ఐరిష్ అమ్మాయిలు వెయ్యేళ్ల తర్వాత ఇలా లెక్కలోకి వచ్చారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అయితే మెల్‌కోర్కా విషయంలోనే ఒక చిక్కు ఉంది. గాథ ప్రకారం ఆమెకు ఇద్దరూ కొడుకులే. ఓలాఫ్, ఆ తర్వాత పెళ్లి చేసుకున్నాక పుట్టిన లాంబి. కాబట్టి తల్లి నుంచే బిడ్డకు వచ్చే ఆమె మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఆ ఇద్దరితోనే ఆగిపోయింది. ఓలాఫ్ పిల్లలకు వచ్చింది వాళ్లమ్మ థోర్గెర్ద్ మైటోకాండ్రియా. ఓలాఫ్ మునిమనవళ్లలో ఎవరినైనా పరీక్ష చేస్తే, ఒంట్లో మెల్‌కోర్కా రక్తం ఉన్నా ఈ పరీక్షలో ఆమె జాడ దొరకదు. ఐరిష్ తల్లి వంశం వెతకాలనుకునేవాళ్లు ముందుగా మనసుకు ఎక్కించుకోవాల్సిన సంగతి ఇదే.

ఎందుకలా? మన కణాల్లో డీఎన్‌ఏ రెండు చోట్ల ఉంటుంది. కేంద్రకంలో ఉన్నది దాదాపు 300 కోట్ల అక్షరాల గ్రంథం. అది అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తుంది, ప్రతి తరంలోనూ పేకముక్కల్లా కలిసిపోతుంది. రెండోది మైటోకాండ్రియాలో ఉంటుంది. కణానికి శక్తినిచ్చే ఈ చిన్న భాగాల్లో ఉండే డీఎన్‌ఏ గుండ్రంగా, గాజులా ఉంటుంది. పొడవు 16,569 అక్షరాలే, జన్యువులు 37. బిడ్డకు ఇది అండం నుంచే వస్తుంది. శుక్రకణంతో వచ్చిన కొద్దిపాటి మైటోకాండ్రియా అండంలోకి చేరాక నాశనమవుతుంది. అందుకే అమ్మది కొడుకుకూ కూతురికీ వస్తుంది కానీ ముందుకు అందించగలిగేది కూతురే. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్లమ్మ, ఆవిడ వాళ్లమ్మ... ఈ ఒక్క దారే. మన ఇళ్లలో ఇంటిపేరు నడిచే దారికి ఇది సరిగ్గా ఎదురు దారి.

పది తరాలు వెనక్కి వెళ్తే ఒక మనిషికి 1,024 మంది పూర్వీకుల చోట్లుంటాయి. అందులో మైటోకాండ్రియా చెప్పేది ఒక్కరి గురించే. కాబట్టి తల్లి వంశం ఐరిష్ అని తేలినా మిగతా 1,023 చోట్ల గురించి ఏమీ తెలిసినట్టు కాదు. ఐరిష్ కాదని తేలినా అంతే.

రెండో చిక్కు కాలానికి సంబంధించినది. ఈ 16,569 అక్షరాలు తరతరాలుగా మక్కీకి మక్కీగా నకలవుతూ వస్తాయి. ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం మారుతుంది, దాన్నే మ్యుటేషన్ అంటాం. మొత్తం మైటోకాండ్రియాను తీసుకుంటే ఒక తల్లి వంశంలో సగటున మూడున్నర వేల ఏళ్లకు ఒక మార్పు నిలబడుతుందని అంచనా. దీని అర్థం ఏమిటంటే, ఇద్దరి మైటోకాండ్రియా అక్షరం పొల్లుపోకుండా ఒకటైనా వాళ్ల ఉమ్మడి అమ్మమ్మ వందేళ్ల కిందటి మనిషి కావచ్చు, రెండు వేల ఏళ్ల కిందటి మనిషీ కావచ్చు. పరీక్ష ఫలితంలో పూర్తి జోడీ కనిపించగానే దగ్గర చుట్టం దొరికిందని సంబరపడేవాళ్లు చాలామంది. తర్వాత ఎన్ని నెలలు కాగితాలు తిరగేసినా ఉమ్మడి పేరు దొరక్క నిరాశపడతారు. తప్పు వాళ్ల వెతుకులాటలో లేదు. ఈ గడియారంలో నిమిషాల ముల్లు లేదు.

కానీ వేల ఏళ్ల లెక్కకు ఇదే గడియారం బాగా పనికొస్తుంది. మార్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి కాబట్టి, ఎవరికి ఏ మార్పులున్నాయో చూసి ఒక చెట్టు గీయొచ్చు. ఒకే మార్పును పంచుకున్నవాళ్లంతా ఒక కొమ్మ, అదే హాప్లోగ్రూప్. 1981లో కేంబ్రిడ్జ్‌లో మొదటిసారి మనిషి మైటోకాండ్రియాను పూర్తిగా చదివారు. 1987లో 147 మంది నమూనాలతో చేసిన పరిశోధన ఆ చెట్టు మొదలు ఆఫ్రికాలో ఉందని చూపించింది.

ఐర్లాండ్‌లో ఎక్కువగా కనిపించే కొమ్మ హెచ్. పశ్చిమ ఐరోపా అంతటా ఉన్నట్టే పదిమందిలో నలుగురిది అదే. తర్వాత కె, జె, టి, యు5 లాంటివి. తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక నిజమైన బంధుత్వం ఉంది. యు అనే పెద్ద కొమ్మ నలభై అయిదు వేల ఏళ్లకు పైబడ్డది. దాని ఒక చీలిక యు5 ఐరోపాలో వేళ్లూనుకుంది. అక్కచెల్లెలు లాంటి మరో చీలిక యు2 భారత ఉపఖండంలో స్థిరపడింది. దక్షిణ భారతంలో సగానికి పైగా తల్లి వంశాలు ఎమ్ అనే వేరే మహాశాఖవి. అయినా యు2 వాళ్లు మన ఊళ్లలో అరుదేమీ కాదు. అలాంటి ఒక తెలుగు అమ్మాయికీ, యు5 ఉన్న ఐర్లాండ్‌లోని గాల్వే అమ్మాయికీ తల్లి దారిలో ఉమ్మడి అమ్మమ్మ ఒకామె ఉంది, ఐర్లాండ్‌లో మనిషి కాలు పెట్టడానికి ముప్పై వేల ఏళ్ల ముందు.

ఇక అసలు గందరగోళానికి వద్దాం. పరీక్ష చేయించుకున్నవాళ్లకు హాప్లోగ్రూప్ పేరు, దాని వయసు, ఒక మ్యాపు వస్తాయి. 'మీ హాప్లోగ్రూప్ ఇరవై వేల ఏళ్ల కిందటిది' అని అందులో ఉంటుంది. చదివినవాళ్లు వెంటనే 'అయితే మా అమ్మమ్మలు అప్పటి నుంచీ ఐర్లాండ్‌లోనే ఉన్నారన్నమాట' అనుకుంటారు. హాప్లోగ్రూప్ వయసు వేరు, అది ఐర్లాండ్‌లో అడుగుపెట్టిన కాలం వేరు. మన ఇంటిపేర్లు చాలావరకు ఊరిపేర్లే కదా. ఆ ఊరు ఎంత పాతదో తెలిసినంత మాత్రాన మన కుటుంబం అక్కడి నుంచి ఎప్పుడు కదిలిందో, ఇప్పుడున్న ఊరికి ఎప్పుడొచ్చిందో తెలియదు. ఇదీ అంతే. పైగా ఇరవై వేల ఏళ్ల కిందట ఐర్లాండ్ చాలావరకు మంచు పలకల కిందే ఉంది.

ఈ పొరపాటు మామూలు పాఠకులదే కాదు. 2000 ప్రాంతాల్లో పండితులు కూడా ఇలాంటి దారిలోనే నడిచారు. అప్పటికి పాత ఎముకల నుంచి డీఎన్‌ఏ తీయడం కష్టం. బతికున్నవాళ్ల డీఎన్‌ఏ చూసి వెనక్కి ఊహించేవాళ్లు. ఐరిష్ వాళ్లకూ, స్పెయిన్ ఉత్తర తీరం వాళ్లకూ పోలికలు కనిపించాయి. దాంతో మంచుయుగంలో ఐబీరియాలో, అంటే స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పంలో తలదాచుకున్న వేటగాళ్లే అట్లాంటిక్ తీరం వెంబడి పైకి వచ్చి ఐరిష్ వాళ్లయ్యారన్న కథ బలపడింది. 11వ శతాబ్దంలో సన్యాసులు కూర్చిన ఐరిష్ పురాణగాథ కూడా తమ పూర్వీకులు స్పెయిన్ నుంచి వచ్చారనే చెబుతుంది కాబట్టి జనానికి అది ఇంకా నచ్చింది. అదే గాథలో ఐర్లాండ్‌కు అందరికన్నా ముందు వచ్చింది బైబిల్‌లోని నోవా మనవరాలు కేసర్ అని, ఆమె వెంట యాభై మంది ఆడవాళ్లు, ముగ్గురంటే ముగ్గురు మగవాళ్లు ఉన్నారని కూడా ఉంది. ఐర్లాండ్‌కు ఐరిష్ భాషలో ఉన్న పేరు ఏరె కూడా ఏరియు అనే దేవత పేరు నుంచి వచ్చిందే. తల్లి వంశం గురించి ఆలోచించేవాళ్లకు ఆ ఊహ ముచ్చటగా ఉంటుంది కానీ సాక్ష్యం కోసం ఎముకల దగ్గరికే వెళ్లాలి.

ఎముకల్లోనూ ఒక ప్రత్యేకమైన చోటు ఉంది. లోపలి చెవిని కప్పి ఉండే ఎముక శరీరంలోకెల్లా గట్టిది. వేల ఏళ్ల తర్వాత కూడా డీఎన్‌ఏ అందులో నిలిచి ఉంటుందని 2014 నాటికి తేలింది. ఆ తర్వాత ఐర్లాండ్ కథ వేగంగా మారింది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో డాన్ బ్రాడ్లీ, లారా కాసిడీ బృందం పని అందులో ముఖ్యమైనది.

కాలక్రమంలో చూస్తే ఐర్లాండ్‌లో మనిషి ఆనవాళ్లలో బాగా తెలిసిన పాత స్థావరం ఉత్తరాన కోల్‌రైన్ దగ్గరి మౌంట్ సాండెల్. దాదాపు పదివేల ఏళ్ల కిందటి వేటగాళ్ల గుడిసెల గుర్తులు అక్కడ దొరికాయి. అంతకన్నా ముందే మనుషులు వచ్చిపోయారనడానికి క్లేర్ జిల్లా గుహలో దొరికిన, కత్తి గాట్లున్న పన్నెండున్నర వేల ఏళ్ల నాటి ఎలుగుబంటి మోకాలి చిప్ప సాక్ష్యం. కిల్లూరా, స్రామోర్ గుహల్లోని వేటగాళ్ల ఎముకలను చదివితే తల్లి వంశం యు5 అని వచ్చింది. ద్వీపంలో చాలాకాలం బయటివాళ్లతో కలవకుండా, తక్కువమందిగా బతికిన గుర్తులు కూడా వాళ్ల జన్యువుల్లో ఉన్నాయి.

తర్వాత దాదాపు ఆరు వేల ఏళ్ల కిందట వ్యవసాయం వచ్చింది. 1855లో బెల్‌ఫాస్ట్ దగ్గర బాలినాహట్టిలో పొలం పనివాళ్లకు పాత సమాధి ఒకటి దొరికింది. అందులోని ఒక స్త్రీ డీఎన్‌ఏను 2016లో ప్రచురించారు. ఆమె క్రీస్తుపూర్వం 3343, 3020 మధ్య బతికింది. నల్లని జుట్టు, గోధుమరంగు కళ్లు. ఆమె పూర్వీకుల్లో ఎక్కువమంది టర్కీ, పశ్చిమాసియా వైపు నుంచి మధ్యధరా తీరం మీదుగా తరతరాలుగా జరుగుతూ వచ్చిన రైతులు. తల్లి వంశం హెచ్‌వీ0. అంటే వ్యవసాయం ఆలోచనగా మాత్రమే రాలేదు, విత్తనాలు, పశువులతో పాటు రైతులే వచ్చారు, ఆడవాళ్లూ వచ్చారు. అంతకుముందున్న ఐరిష్ వేటగాళ్ల వంశం ఈ రైతుల్లో చాలా కొద్దిగానే మిగిలింది.

2006లో ఐర్లాండ్ ఉత్తర కొసన ఉన్న రాథ్లిన్ అనే చిన్న ద్వీపంలో ఒక బార్ దగ్గర నేల చదును చేస్తుంటే కంచుయుగపు సమాధులు బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం 2026 నుంచి 1534 మధ్య కాలానికి చెందిన ముగ్గురు మగవాళ్ల జన్యువులను చదివారు. బాలినాహట్టి స్త్రీకీ వీళ్లకూ పోలిక తక్కువ. వీళ్ల పూర్వీకత్వంలో గణనీయమైన భాగం నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డిభూముల నుంచి వచ్చింది. ఈ కాలానికే పక్కన బ్రిటన్‌లో జన్యు వారసత్వం దాదాపు 90 శాతం మారిపోయిందని 2018 పరిశోధన చెప్పింది. ఇప్పటి ఐరిష్ వాళ్లను పోల్చి చూస్తే బాలినాహట్టి స్త్రీకన్నా రాథ్లిన్ మనుషులకే చాలా దగ్గర. ఐబీరియా కథ అక్కడితో కూలిపోయింది.

ఈ ముగ్గురి తల్లి వంశాలు చూడండి: ఒకరిది యు5ఏ, ఒకరిది యు5బి, ఒకరిది జె2బి. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒక ఐరిష్ మహిళకు ఇవాళ పరీక్షలో యు5 వచ్చిందనుకుందాం. యు5 ఐరోపా వేటగాళ్ల పాత కొమ్మే, కిల్లూరా, స్రామోర్ గుహల వేటగాళ్లూ యు5 వాళ్లే. కాబట్టి ఆమె పదివేల ఏళ్ల ఐరిష్ అమ్మమ్మల వారసురాలా? కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఎందుకంటే యు5 ఐర్లాండ్‌లోనే కాదు, ఐరోపా అంతటా ఉన్న వేటగాళ్లది. ఖండం మీది వేటగాళ్లు రైతుల్లో కలిశారు, గడ్డిభూముల పశుపాలకుల్లోనూ యు5ఏ ఉంది. రాథ్లిన్ మగవాళ్ల అమ్మమ్మల్లా నాలుగు వేల ఏళ్ల కిందట తూర్పు నుంచి నడిచొచ్చిన యు5 కూడా కావచ్చు. ఒకే పేరు, కనీసం మూడు వేర్వేరు ప్రయాణాలు. వీటిలో ఏదో తేలాలంటే యు5 అన్న పెద్దపేరు చాలదు. మొత్తం 16,569 అక్షరాలూ చదివించి, ఆ చిన్న కొమ్మ చివర ఎక్కడ ఉందో చూసి, అదే చివర ఏ కాలపు, ఏ చోటి ఎముకలో దొరికిందో పోల్చాలి. హెచ్ విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే దాని ఉపశాఖలు వందల్లో ఉన్నాయి.

తండ్రి వైపు కథ ఇంత చిక్కుగా ఉండదు. ఇవాళ ఐరిష్ మగవాళ్లలో పదిమందికి ఎనిమిది మంది వై క్రోమోజోమ్ (తండ్రి నుంచి కొడుకుకే వచ్చేది) ఆర్1బి అనే ఒకే శాఖది. రాథ్లిన్ మగవాళ్లదీ అదే. కంచుయుగంలో వచ్చిన తండ్రి వంశాలు దాదాపు మొత్తం ద్వీపాన్ని ఆక్రమించాయి. తల్లి వంశాల్లో ఆ ఏకరూపం లేదు. పాతవీ కొత్తవీ కలగలిసి నిలిచాయి. మన దేశంలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. ఆర్1బికి తోబుట్టువైన ఆర్1ఏ గడ్డిభూముల వైపు నుంచి ఎక్కువగా మగవాళ్ల ద్వారా వచ్చింది, తల్లి వంశాలు మాత్రం చాలావరకు ఇక్కడి పాతవే.

తల్లి వంశం గురించి ఈ మధ్య నన్ను బాగా కదిలించిన పరిశోధన ఐర్లాండ్‌ది కాదు, పక్కనున్న ఇంగ్లండ్‌ది. చేసింది మాత్రం ఈ డబ్లిన్ బృందం వాళ్లే. 2025 జనవరిలో ప్రచురించారు. డోర్సెట్‌లో ఇనుపయుగపు డ్యూరోట్రిజెస్ తెగ శ్మశానంలోని జన్యువులను చదివితే చాలామంది ఒకే తల్లి వంశానికి చెందినవాళ్లని తేలింది. మగవాళ్ల వంశాలు రకరకాలు. అంటే ఆడపిల్లలు పుట్టిన ఊళ్లోనే ఉండిపోయేవాళ్లు, పెళ్లయ్యాక మగవాళ్లే ఇల్లరికం వచ్చేవాళ్లు. కెల్టిక్ ప్రపంచంలోని ఆడవాళ్ల పలుకుబడి గురించి రోమన్లు రాసిన మాటలను అతిశయోక్తులని పక్కనపెట్టినవాళ్లు ఇప్పుడు మళ్లీ చదువుతున్నారు.

వేల ఏళ్ల సంగతి ఇలా ఉంటే, గత రెండు వందల ఏళ్ల అమ్మమ్మలను వెతకడం మరో రకమైన కష్టం. అక్కడ డీఎన్‌ఏకన్నా కాగితాలు ముఖ్యం, ఐర్లాండ్‌లో కాగితాల గతి అందరికీ తెలిసిందే. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డు కార్యాలయం కాలిపోయింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. తర్వాతి నాలుగు లెక్కలను అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. పూర్తిగా మిగిలినవి 1901, 1911 లెక్కలు. అవి ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితం.

ఉన్న కాగితాల్లోనూ తల్లి దారి మధ్యమధ్యలో తెగుతుంది. 1864 నుంచి మొదలైన జనన నమోదులో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. అది బంగారం. కానీ పెళ్లి నమోదులో వధువుకైనా వరుడికైనా తండ్రి పేరే రాశారు, తల్లి పేరు లేదు. 1847 నుంచి 1864 దాకా జరిగిన గ్రిఫిత్ భూమి మదింపులో ఇంటి యజమాని పేరే ఉంటుంది, అంటే ఎక్కువగా మగవాళ్లు. ఎక్కువగా భర్త పోయాకే ఆడమనిషి పేరు ఆ జాబితాకు ఎక్కింది. కాబట్టి పెళ్లి కాగితం దగ్గర దారి తెగితే కాథలిక్ చర్చి బాప్తిస్మ పుస్తకాలకు వెళ్లాలి. అందులో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. ఇంకొక దారి వృద్ధాప్య పింఛన్ కాగితాలు. 1909లో డెబ్బై ఏళ్లు దాటినవాళ్లకు పింఛన్ మొదలైంది. వయసు రుజువు కోసం 1841, 1851 లెక్కల్లో తమ కుటుంబాన్ని వెతికించమని ముసలివాళ్లు దరఖాస్తులు పెట్టుకున్నారు. అసలు లెక్కలు కాలిపోయాయి, ఆ దరఖాస్తులు మిగిలాయి. అమ్మానాన్నల పేర్లు వాటిలో ఉన్నాయి.

కాగితాలకు డీఎన్‌ఏ తోడయ్యేది ఒక నిర్దిష్టమైన ప్రశ్న ఉన్నప్పుడు. 'ఈ ఇద్దరు ఆడవాళ్లు అక్కచెల్లెళ్లేనా?' అన్నది అలాంటి ప్రశ్న. ఇద్దరి నుంచీ కూతుళ్ల దారిలో దిగివచ్చినవాళ్లను ఒక్కొక్కరిని వెతికి పరీక్ష చేయించాలి. హాప్లోగ్రూపులు పూర్తిగా వేరైతే కాదని తేల్చేయొచ్చు. ఒకటే అయితే అవునని అప్పుడే అనకూడదు, ఆ రకం ఎంత అరుదైనదో చూడాలి. 2012లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో దొరికిన రాజు మూడో రిచర్డ్ ఎముకలను గుర్తించింది ఇలాగే. ఆయన అక్క యాన్ నుంచి కూతుళ్ల దారిలో వచ్చిన ఇద్దరు ఇప్పటి మనుషుల మైటోకాండ్రియాతో పోల్చారు. ఒకరిది అచ్చంగా సరిపోయింది, మరొకరిది ఒక్క అక్షరం తేడా. అది చాలా అరుదైన రకం కావడం, ఎముకల కాలం, గాయాలు, చోటు అన్నీ కుదరడం వల్ల అది సాక్ష్యంగా నిలబడింది.

ఐరిష్ వాళ్లలో ఇలాంటి పోలిక అవసరం ఎక్కువగా ఉన్నది కరువు ఏళ్లలో చెల్లాచెదురైన కుటుంబాలకు. 1845లో మొదలైన ఆలుగడ్డ కరువులో పదిలక్షల మంది పోయారు, కనీసం ఇంకో పదిలక్షల మంది దేశం వదిలారు. ఆ రోజుల్లో పేదల శరణాలయాల్లో అనాథలుగా మిగిలిన అమ్మాయిలను 1848 నుంచి 1850 వరకు ఓడల మీద ఆస్ట్రేలియాకు పంపారు. నాలుగు వేల మందికి పైగా, ఎక్కువమందికి పద్నాలుగు నుంచి ఇరవై ఏళ్లు. సిడ్నీలో దిగినప్పుడు ఒక్కొక్కరినీ అడిగి పేరు, పుట్టిన ఊరు, అమ్మానాన్నల పేర్లు, వాళ్లు బతికున్నారో లేదో రాసుకున్నారు. తల్లి వంశం వెతికేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే కాగితం ఐర్లాండ్‌లో దొరకడమూ కష్టమే. తల్లి పేరు, ఊరి పేరు ఒకే వరసలో ఉన్నాయి. ఆ ఊరి బాప్తిస్మ పుస్తకంలో అదే తల్లికి పుట్టిన మరో కూతురు దొరికితే, ఆమె ఊళ్లోనే ఉండిపోయి ఉంటే, ఇద్దరి మనవరాళ్ల మనవరాళ్లను పోల్చి చూడొచ్చు.

ఆ అమ్మాయిల్లో చాలామంది దిగిన సిడ్నీలోని హైడ్ పార్క్ బారక్స్ గోడలో ఇప్పుడొక స్మారకం ఉంది. గాజు పలకల మీద దాదాపు 400 మంది పేర్లు చెక్కారు.